తువ్వాలు కింద నంబరు

షేక్ ఖాలిక్‌కు తిట్టడం వచ్చు. అందరికీ వచ్చినట్టు కాదు, కొందరికి సంగీతం వచ్చినట్టు వచ్చు. బెంజ్ సర్కిల్ దగ్గర ట్యాక్సీలు ఆగే చోట ఇరవై రెండేళ్ళుగా ఆ నోటి ధాటికి తట్టుకుని నిలబడ్డ డ్రైవర్లు, కొత్తగా వచ్చినవాళ్ళకు ఆయన తిట్లు పాఠాల్లా అప్పజెబుతారు. అయితే ఆ విద్యకొక నియమం ఉంది. మనిషి తల్లిని, ఇంట్లో ఆడవాళ్ళను, కులాన్ని, మతాన్ని ఎత్తడు. వస్తువును తిడతాడు, పనితనాన్ని తిడతాడు. అడ్డంగా దూరిన ఆటో అతన్ని చూసి, "ఆ హ్యాండిలు మీ అత్తారు పెళ్ళిలో పెట్టిన ఉయ్యాలబల్లా, అట్టా ఊపుతున్నావ్?" అంటాడు. గుంతలు పడ్డ రోడ్డును, రోడ్డు వేసిన పారను, ఆ పారను కాల్చిన కొలిమిని వరసపెట్టి తిడతాడు.

అలాంటి మనిషి తన సొంత బండిని ఐదు నెలలపాటు ఒక్క మాట అనలేకపోయాడు.

జులైలో ఒక గురువారం పొద్దున గొల్లపూడి దాటుతుండగా ఆ బండి ఆగింది. తెల్లటి ఎస్‌యూవీ, ఏడుగురు కూర్చునేది. లోపల నలుగురు ఇంజనీర్లు, ఇబ్రహీంపట్నంలో కరెంటు తయారయ్యే చోట డ్యూటీ ఎక్కవలసినవాళ్ళు. ముందు ఎడమ పక్క అద్దం దానంతటదే కిందికి దిగింది. తర్వాత వైపర్లు వాన లేకుండా రెండుసార్లు ఊగాయి. ఆ తర్వాత హారను, ఎవరూ నొక్కకుండా, గొంతు పిసికిన దున్నపోతులా అరిచి ఆగింది. దాంతోపాటు ఇంజనూ ఆగింది. వెనకాల ఇసుక లారీ కొట్టిన బ్రేకుకు రోడ్డు పొగ చిమ్మింది.

ఖాలిక్ కిందికి దూకి, తలుపు విసిరికొట్టి, బండి ముందుకొచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. ఐదు నెలల సరుకు గొంతులో తయారుగా ఉంది. కళ్ళు నంబరు ప్లేటు మీద పడ్డాయి. చివర నాలుగు అంకెలు: సున్నా, ఏడు, ఎనిమిది, ఆరు. నోరు మూసుకున్నాడు. పక్కనే ఉన్న కిలోమీటరు రాయిని తన్నాడు. చెప్పులోంచి బొటనవేలు బయటికి వచ్చి ఉంది కాబట్టి నష్టపోయింది రాయి కాదు.

"ఖాలిక్ గారూ, ముందు కాలు చూసుకోండి. బండి తర్వాత చూద్దురుగాని" అంది మనోజ్ఞ, ఆ నలుగురిలో చిన్నది. అప్పటికే ఫోనులో వేరే బండి వెతుకుతోంది.

"క్షమించండమ్మా. ఐదు నిమిషాలు."

"పోయినసారి కూడా ఐదు నిమిషాలన్నారండీ. గంటన్నర కూర్చున్నాం."

ఆవిడ కోపంగా అనలేదు. అదే ఆయనకు మరీ గుచ్చుకుంది.

పావుగంటలో చక్రి ఫోను చేశాడు. ఇంజనీర్లను దింపే కాంట్రాక్టు చక్రిది. అతని కింద ఆరు బండ్లు తిరుగుతాయి, అందులో ఖాలిక్‌ది ఒకటి. "భాయ్, నీ మీద గౌరవం ఉంది కాబట్టి చెప్తున్నా. ఇది రెండోసారి. రేపూ ఎల్లుండీ నేను సర్దుకుంటా. సోమవారం పొద్దున ఆరింటికి నీ బండి బెంజ్ సర్కిల్లో కదిలే స్థితిలో ఉండాలి. లేదా ఆ రూటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తా. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

సోమవారం. నాలుగు రోజులు. ఆ రూటు పోతే బండి తినే తిండికి కూడా డబ్బు రాదు. బండి పోతే ఖాలిక్ మళ్ళీ డ్రైవరు. ఆ మాట తలచుకోవడానికే ఆయనకు ఇష్టం లేదు.

ఎందుకంటే డ్రైవరుకు పేరుండదు. ఇరవై రెండేళ్ళు ఇరవై మంది బండ్లు నడిపాడు. పెళ్ళి ఇళ్ళ ముందు రాత్రంతా సీట్లో పడుకున్నాడు. భోజనాల బంతిలో చివర, ప్లాస్టిక్ కుర్చీ కూడా మిగలని వేళకు పిలిస్తే వెళ్ళాడు. "డ్రైవరు తిన్నాడా?" అని అడిగే యజమాని దేవుడితో సమానం. అడిగేవాళ్ళు ఇరవైలో ఇద్దరు. "ఒరేయ్ ఖాలిక్" అన్నవాళ్ళలో సగం మంది ఆయనకంటే చిన్నవాళ్ళు. ఫిబ్రవరిలో బండి కొన్న మర్నాడు, టీ కొట్టు దగ్గర ఎవరో ఎగతాళికి "ఓనర్ గారూ, చక్కెర ఎంత?" అన్నారు. ఎగతాళే. అయినా ఆ టీ ఆయనకు ఇప్పటికీ గుర్తుంది.

ఇక ఆ నంబరు సంగతి చెప్పాలి.

మనుషులు అక్షరాలకు అంకెలు కట్టడం ఈనాటిది కాదు. మన పండితులు కటపయాది సూత్రం పెట్టుకుని శ్లోకంలో సంవత్సరాలు దాచారు. అరబ్బీలోనూ ప్రతి అక్షరానికి ఒక విలువ ఉంది. బిస్మిల్లా వాక్యంలోని అక్షరాలన్నీ కూడితే ఏడువందల ఎనభై ఆరు వస్తుందని ఒక లెక్క. ఆ లెక్క మతంలో లేదని చెప్పే మౌల్వీలు వన్ టౌన్‌లోనే నలుగురున్నారు. వాళ్ళ మాట వినడానికి ఖాలిక్ తల్లి ఆమినాబీ సిద్ధంగా లేదు. చివర ఆ అంకెలున్న పది రూపాయల నోటు ఒకటి ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా తలదిండు గలేబులో దాచుకుంది. మిగతా బెజవాడ ఏమన్నా తక్కువ తిన్నదా? అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలని రవాణా ఆఫీసులో వేలం పాడేవాళ్ళు వీధికి పదిమంది. బండి ధరలో సగం నంబరుకే పోసినవాళ్ళున్నారు.

నవ్వడానికేం లేదు. ఈ కృష్ణా ఒడ్డున వెనకటి రైతులు ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూసేవారు, గిట్టలు చూసేవారు. అన్నీ బాగున్నా చివరికి సుడి చూసేవారు. వీపు మీద వెంట్రుకలు ఏ వైపు తిరిగితే ఇంటికి ఏ కీడో పుస్తకాల్లో రాసి ఉంది. కొన్ని సుడులుంటే బంగారంలాంటి ఎద్దును ఊరికే ఇచ్చినా తీసుకోరు. మంచి సుడి ఉంటే కుంటిదాన్ని కూడా కళ్ళకద్దుకుని తోలుకెళతారు. బేరగాళ్ళకు అది తెలుసు. సంతలో తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవారు. పైవాడికి అంకె కనపడకూడదు. ఎద్దులు పోయాయి, సంతలు పోయాయి. సుడి మాత్రం నంబరు ప్లేటు మీదికి ఎక్కింది. బేరగాడు ఆటోనగర్ చివర రేకుల షెడ్డు వేసుకున్నాడు.

ఆ బేరగాడి పేరు సాయిగణేష్. పాత కార్లు కొని అమ్ముతాడు. నుదుటిన బొట్టు, చేతికి నాలుగు రంగుల దారాలు, నోట్లో తేనె. తల్లిని కూడా తీసుకుని బండి చూడటానికి వచ్చిన ఖాలిక్‌ను అతను ఇంజను దగ్గరికి తీసుకెళ్ళలేదు. తిన్నగా ప్లేటు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"అమ్మగారూ, మీరొస్తారని దీన్ని పక్కన పెట్టా. చూడండి."

ఆమినాబీకి చదువు రాదు. ఆ మూడంకెలు మాత్రం వచ్చు. ప్లేటును వేళ్ళతో తాకి, ఆ వేళ్ళను కళ్ళకద్దుకుంది.

"డాక్టరు గారి బండి. ఒకటే చెయ్యి నడిపింది. ఇంటినుంచి ఆస్పత్రికి, ఆస్పత్రినుంచి ఇంటికి. అంతే తిరిగింది" అన్నాడు సాయిగణేష్.

పాత బండ్ల బజారులో అమ్మే ప్రతి బండీ డాక్టరుదే. ఆ లెక్కన ఈ జిల్లాలో రోగులకంటే డాక్టర్లు ఎక్కువ ఉండాలి. ఖాలిక్‌కు ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. ఇంకొకడు కొంటుంటే నవ్వి ఉండేవాడు. కానీ ఆ వేళ తలుపు తీయగానే లోపలినుంచి అత్తరు, సాంబ్రాణి కలిసిన వాసన వచ్చింది. ఆమినాబీ ముందుకు వంగి గుండెలనిండా పీల్చింది.

"బేటా, మన ఇంటి వాసన వస్తోందిరా" అంది.

నిజమే. ఖాలిక్‌కూ అలానే అనిపించింది. అచ్చం తమ ఇంటి వాసన. అంతకు మించి ఆయన ఏమీ చూడలేదు. ఇరవై రెండేళ్ళ అనుభవం, ఇంజను శబ్దం విని రోగం చెప్పగల చెవి, అన్నీ ఆ వాసన ముందు మోకరిల్లాయి. ఇంటికి వచ్చేటప్పుడు ఆమినాబీ ముందు సీట్లో కూర్చుని ఒకటే మాట చెప్పింది. "ఆ నంబరు మోసే బండిరా. దాని మీద నోరు పారేసుకోకు. నీ నోరు నాకు తెలుసు."

సరేనన్నాడు. తల్లికి ఇచ్చిన మాట.

రెండు వారాలకు అద్దాలు మొండికేశాయి. మార్చిలో మీటరు మీద లేని దీపాలు వెలిగాయి. ఏప్రిల్లో ఒక శుక్రవారం మసీదు ముందు నిలిపి నమాజుకు వెళితే, లోపల అందరూ వంగిన సమయానికి బయట హారను మొదలుపెట్టి, బ్యాటరీ తీగ పీకేదాకా ఆపలేదు. బయటికొచ్చిన పెద్దలు నంబరు చూసి ఏమీ అనలేక మీసాల్లో గొణుక్కున్నారు. మే నెలలో బండికి మెదడులాంటి డబ్బా ఒకటి కాలిపోయింది. కొత్తది వెయ్యాలంటే షోరూములో చెప్పిన ధర విని ఖాలిక్ రెండోసారి అడిగాడు, చెవి తప్పు విన్నదేమోనని. బుడమేరు వరద తర్వాత ఇంటికొచ్చిన పరిహారం సొమ్ము అప్పటిదాకా ముట్టుకోలేదు. భార్య హఫ్సా ఆ సొమ్ముతో పాడైన గోడలకు సున్నం వేయిద్దామంది. అది ఆ డబ్బాలోకి పోయింది. దానికి తోడు హఫ్సా చీటీ పాట కూడా పోయింది.

"గోడలు ఎక్కడికీ పోవులే. నీ బండీ ఎక్కడికీ పోవట్లేదు. రెండూ ఒకచోటే ఉంటున్నాయి" అంది హఫ్సా.

ప్రతిసారీ ఎవరో ఒక మెకానిక్కు ఒక ముక్క మార్చాడు. ముక్క మార్చిన చోట బాగుండేది. పక్కది పోయేది. ఖాలిక్ రోడ్డును తిట్టాడు, డీజిలును తిట్టాడు, ఎండను తిట్టాడు, స్టాండులో కుక్కను తిట్టాడు. బండిని మాత్రం తిట్టలేదు. తిట్టలేని కోపం లోపలికి తిరిగి రక్తపోటుగా మారిందని ఆస్పత్రిలో చెప్పారు. దానికి మాత్రలు ఇచ్చారు.

ఆ గురువారం సాయంత్రం బండిని తాడుకట్టి ఆటోనగర్లో యేసుబాబు షెడ్డుకు లాక్కొచ్చారు. యేసుబాబు పెద్ద మాటకారి కాదు. అరవై ఏళ్ళవాడు, లారీలకు వైరింగు చేసి చేసి వేళ్ళు నల్లబడ్డవాడు. శుక్రవారమంతా ఏమీ విప్పకుండా బండి చుట్టూ తిరిగాడు. శనివారం పొద్దున ఖాలిక్ వచ్చేసరికి సీట్లన్నీ తీసి బయట ఎండలో వరసగా పెట్టి ఉన్నాయి.

"ఏంటిది యేసుబాబూ? ఇంజను చూడమంటే సీట్లు పీకావ్? ఎల్లుండి ఆరింటికి బండి నిలబెట్టాలయ్యా!"

"అరవకు భాయ్. ఇటు రా. ఈ తివాచీ నువ్వెప్పుడన్నా ఎత్తావా?"

"దాన్నెందుకెత్తుతా?"

"ఎత్తు."

ఖాలిక్ వంగి, బండి నేలకు అంటించిన నల్ల తివాచీని మూలపట్టి లాగాడు. కింద వైర్ల కట్ట. యేసుబాబు స్క్రూడ్రైవరుతో ఆ కట్ట మీది తొడుగు చీల్చాడు. లోపల సన్నటి మట్టి, ఎండి పొరలు పొరలుగా. రాగి తీగలు పచ్చగా పాచి పట్టినట్టున్నాయి. సీటు బోల్టుల గుంతల్లో కూడా అదే మట్టి. ఒక గుంతలో ఇంకా తడి ఉంది.

"ముక్కు పెట్టి చూడు" అన్నాడు యేసుబాబు.

ముక్కు పెట్టాడు.

దాన్ని ఖాలిక్ నిద్రలో కూడా పోల్చగలడు. సింగ్‌నగర్లో ఆయన ఇల్లు పోయిన సెప్టెంబరులో నడుం లోతు నీళ్ళలో మునిగింది. పాతవాళ్ళ నోట బుడమేరుకు బెజవాడ కన్నీరని పేరు. కొండల్లో పుట్టి కొల్లేరుకు పోవలసిన వాగు దారి తప్పి ఊరి మీద పడింది. బియ్యం, బట్టలు, మంచం, టీవీ, అన్నీ నీళ్ళలో. వీధిలో పడవలు తిరిగాయి. మేడ మీద వాళ్ళు తాడు కట్టి పాల పొట్లాలు లాక్కున్నారు. నీళ్ళు పోయాక ఒండ్రు మిగిలింది. ఒండ్రు ఎత్తిపోశాక వాసన మిగిలింది. మురుగు, చచ్చిన చేపలు, తడిసిన బియ్యం, కిరసనాయిలు, అన్నీ కలిసి కుళ్ళిన వాసన. దాన్ని చంపడానికి ఆమినాబీ నెల రోజులు పొద్దునా సాయంత్రం సాంబ్రాణి వేసింది. పరదాలకు అత్తరు రాసింది. చావలేదు. మూడూ కలిసిపోయి అదే ఇంటి వాసన అయికూచుంది.

మన ఇంటి వాసన వస్తోందిరా.

ఖాలిక్ ఆ మట్టి దగ్గరే గొంతుక్కూర్చున్నాడు. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. తను మునిగిన నీళ్ళలోనే బండీ మునిగింది. తమ ఇంట్లో ఏం దాచడానికి ఏం పూశారో, సాయిగణేష్ కూడా అది దాచడానికి అదే పూశాడు. నీళ్ళకు ఇచ్చిన పరిహారం మళ్ళీ ఆ నీళ్ళకే పోసి వచ్చాడు.

"బాగవుద్దా?" అన్నాడు చివరికి.

"ఇవాళ తిరిగిద్ది. రేపు ఏ తీగ తెగుద్దో యేసయ్యకే తెలీదు. నన్నడిగితే ముక్కలుగా అమ్ముకో. తలుపు తలుపే, టైరు టైరే. వాటికి అబద్ధం చెప్పడం రాదు." యేసుబాబు చేతులు తుడుచుకున్నాడు. "మొన్న వరదకి ఇట్టాంటివి ఎన్ని కడిగి పంపారో. అమ్మినోడికి తెలవకుండా ఉండదు భాయ్. ఈ బోల్టులు ఒకసారి విప్పి బిగించినయ్యే."

ఖాలిక్ పక్క కొట్లో ఖాళీ పచ్చడి సీసా అడిగి తీసుకుని, ఆ మట్టిని చెంచాతో గీకి నింపాడు. మూత బిగించాడు. యేసుబాబు రాత్రికి ఎలాగో బండిని నడిచే స్థితికి తెచ్చాడు.

ఆదివారం పదింటికి సాయిగణేష్ షెడ్డు ముందు ఆ తెల్లబండి వచ్చి ఆగింది. బేరాల రోజు. కుర్చీలు వేసి ఉన్నాయి. ఖాలిక్ లోపలికి వెళ్ళి సీసాను టేబులు మీద పెట్టాడు.

"ఏంటి భాయ్, గోంగూరా?" అన్నాడు సాయిగణేష్.

"మూత తియ్యి. నీ డాక్టరు గారు పెట్టిన పచ్చడి."

సాయిగణేష్ మూత తీయలేదు. తీయకపోవడంలోనే జవాబు ఉంది. సీసాను నెమ్మదిగా పక్కకు జరిపి, టీ చెప్పాడు. ఖాలిక్ వద్దన్నాడు. సాయిగణేష్ గొంతు తగ్గించాడు.

"చూడు భాయ్. నేనూ ఒకళ్ళ దగ్గర కొన్నదే. నన్నూ ముంచారు. అందరం మునిగినోళ్ళమే."

"నువ్వు మునిగినోడివి కాదు. మునిగినదానికి అత్తరు పూసినోడివి."

"గట్టిగా మాట్లాడబాక, బేరాలొచ్చే టైము. నీకు సోమవారం బండి కావాలి, అంతేనా? అదిగో, ఆ బూడిద రంగుది. నీ ఇష్టమొచ్చినట్టు చూసుకో. నచ్చితే తీసుకెళ్ళు. పైన పైసా ఇవ్వొద్దు. నీది ఇక్కడ వదిలెయ్."

ఖాలిక్ వెళ్ళాడు. ఈసారి నంబరు చూడలేదు. తివాచీ ఎత్తాడు, సీటు కింద చెయ్యి పెట్టాడు, బోల్టుల గుంతల్లో వేలు తిప్పాడు. పొడిగా ఉంది. ఇంజను స్టార్టు చేసి కళ్ళు మూసుకుని విన్నాడు. మంచి బండి. నిజంగా మంచి బండి. సోమవారం ఆరు గంటలు, బెంజ్ సర్కిల్, మనోజ్ఞ ఎక్కి తలుపు వేసుకోవడం, అన్నీ కళ్ళ ముందు కదిలాయి. తిరిగి వచ్చాడు. అడగకుండా ఉండాల్సింది, అడిగాడు.

"నాది ఏం చేస్తావ్?"

"దాందేముంది? ఆ నంబరుకి మీవాళ్ళే ఎవరో ఒకళ్ళు కళ్ళకద్దుకుని తీసుకెళ్తారు."

సరిగ్గా అప్పుడే ఆ 'మీవాళ్ళు' వచ్చారు. బందరులో రోల్డుగోల్డు నగల పని చేసే ముస్తఫా, ఆయనతో డెబ్భై ఏళ్ళ తండ్రి. ముస్తఫా చేతుల నిండా యాసిడు మచ్చలు. పని తగ్గిందట. బండి కొని ట్రిప్పులు తిప్పుకుందామని వచ్చారట. ఇరవై ఏళ్ళు పరుల కొలిమి దగ్గర కూర్చున్నానని, ఇక సొంతంగా బతకాలని ముస్తఫా అడక్కుండానే చెప్పాడు. అంతలో ముసలాయన బయట తెల్లబండి ముందు ఆగిపోయాడు. జేబులోంచి రుమాలు తీసి ప్లేటు మీది దుమ్ము తుడిచాడు. పెదవులు కదుపుతూ అంకెల మీద చెయ్యి ఉంచాడు.

"ఇది కూడా అమ్మకానికేనా అండీ?" అన్నాడు ముస్తఫా.

సాయిగణేష్ ఖాలిక్ వైపు చూసి, కనీ కనపడకుండా తల ఊపాడు. సొరుగు తెరిచాడు. లోపల చిన్న అత్తరు సీసా దొర్లిన చప్పుడైంది. "రండి పెద్దాయనా. డాక్టరు గారి బండి."

ఖాలిక్ పిడికిలి విప్పి చూశాడు. బూడిద రంగు బండి తాళం ఆయన అరచేతిలో ఉంది, వేడెక్కి ఉంది. ఆ తాళం మీద ఆయన ఇరవై రెండేళ్ళున్నాయి. తర్వాత దాన్ని తెచ్చి టేబులు మీద, పచ్చడి సీసా పక్కన పెట్టాడు.

భుజం మీది తువ్వాలు తీశాడు. బండి ముందుకు వెళ్ళి, ముసలాయన చేతిని మెల్లగా పక్కకు తప్పించి, ప్లేటు మీద తువ్వాలు కప్పి, అంచులు వెనక్కి దోపాడు. ఒక్క అంకె కూడా కనపడకుండా చూసుకున్నాడు.

"మాఫ్ చెయ్యండి చాచా. అమ్మకి మాటిచ్చా, ఈ నంబరు ముందు నోరు జారనని."

అప్పుడు నోరు తెరిచాడు.

"ఒసే మురుగుకాలవ పీనుగా! నీ తీగల్లో పాచి మొలవ! నీ గేరుబాక్సులో గద్దలు గూళ్ళు పెట్ట! ఊరంతా ఏడుస్తుంటే మునిగి, ఊరంతా తేరుకున్నాక నా ఇల్లు ముంచావే! వాన లేకుండా వైపరు ఊపుతావ్, వానొస్తే ఊపవు, నువ్వేమన్నా పెళ్ళికూతురివటే, అడిగితే తల ఊపకపోవడానికి? నమాజులో వంగితే హారనా? నీ హారను కాకులెత్తుకుపోను! నా ఇంటి గోడల సున్నం తిన్నావ్, నా పెళ్ళాం చీటీ తిన్నావ్, నా బొటనేలు తిన్నావ్! డాక్టరు బండివా నువ్వు? డాక్టరు దగ్గర చచ్చినదానివి! నీకు అత్తరొకటా? శవానికి పూస్తారే అత్తరు, అమ్మకానికి పెట్టరు! నిన్ను కడిగిన చేతుల్ని ఏ కృష్ణలో కడిగితే పోద్దే! సీట్ల కింద బుడమేరుని దాచి, మెడలో దేవుడి పేరు కట్టి, మావాళ్ళ మీదికి తోలారే నిన్ను, సుడి చూపించి కుంటెద్దుని తోలినట్టు!"

ఇంకా ఉన్నాయి. ఐదు నెలలవి. పక్క షెడ్లలో సుత్తులు ఆగాయి. రేకు కొట్టే ఒకడు బీడీ అంటించుకుని, పూర్తయ్యేదాకా నిలబడి విన్నాడు. మధ్యలో సాయిగణేష్ "భాయ్, భాయ్" అన్నాడు గానీ వరదలో కేక వేసినట్టే అయింది. తిట్టేది బండినే. మనిషి పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తనక్కర్లేకపోయింది.

ఊపిరి అందక ఆగాడు. ముస్తఫా తండ్రి వెనక తలుపు తీసి, ఒంగలేక ఒంగి, తివాచీ అంచు పట్టి లాగాడు. చూశాడు. వాసన చూశాడు. తర్వాత ఖాలిక్ వైపు తిరిగి, "నీ నోరు పాడుగాను, ఎంత మంచి నోరు బేటా" అన్నాడు.

"నీ నోటి కూడు నువ్వే చెడగొట్టుకున్నావ్. ఆ బూడిద బండి సంగతి ఇక మర్చిపో. దీన్ని నా షెడ్డు ముందునుంచి తీసెయ్" అన్నాడు సాయిగణేష్. తేనె ఎండిపోయింది.

"తీస్తా. సీసా కూడా తీసుకెళ్తా. వినియోగదారుల కోర్టులో పెట్టాలి దాన్ని. యేసుబాబు సాక్ష్యం చెప్తానన్నాడు. అక్కడైతే నీ పేరూ చెప్పాలి, నంబరూ చెప్పాలి. అక్కడ తువ్వాలు కప్పను."

మాట గొప్పగానే వచ్చింది. స్టార్టు చేస్తే బండి మాత్రం కదల్లేదు. చివరికి ముస్తఫా, ఆయన తండ్రి, రేకు కొట్టేవాడు వెనకనుంచి తోస్తే, ఓనర్ గారు స్టీరింగు ముందు కూర్చుని, ఎవరి ముఖమూ చూడకుండా, రెండు వీధుల అవతల యేసుబాబు షెడ్డు దాకా వెళ్ళారు. అక్కడ దిగి తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నాడు. ముక్కలుగా అమ్మెయ్యమన్నాడు. కోర్టులో చూపించడానికి పాచిపట్టిన వైర్ల కట్టను మాత్రం చుట్టచుట్టి చంకన పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి తల్లికి అంతా చెప్పాడు. ఆమినాబీ చాలాసేపు తస్బీ పూసలు తిప్పింది. "తువ్వాలు గట్టిగా కప్పావా?" అని మాత్రం అడిగింది.

"గట్టిగానే కప్పా అమ్మీ."

"సీసా ఇంట్లో పెట్టొద్దు" అంది హఫ్సా. "నెలంతా సాంబ్రాణి వేసినా ఆ కంపు పోలేదు. మెట్ల కింద పెట్టు."

ఆ సాయంత్రం చక్రికి తానే ఫోను చేశాడు. "సోమవారం నా బండి రాదు. ఇంకెప్పుడూ రాదు. రూటు ఇచ్చేసుకో."

చక్రి ఫోను పెట్టెయ్యలేదు. "నా సొంత బండికి డ్రైవరు మానేశాడు భాయ్. అదే రూటు. నీకు ఇష్టమైతేనే..."

ఇష్టం లేదు. ఒప్పుకున్నాడు.

సోమవారం ఆరు కావస్తుండగా బెంజ్ సర్కిల్లో ఒక ఎర్రబండి తలుపు తీసి మనోజ్ఞ ఎక్కింది. "కొత్త బండా ఖాలిక్ గారూ? దీని నంబరు కూడా ఫ్యాన్సీయేనా?"

"నాది కాదమ్మా. చక్రి గారిది. నంబరు చూళ్ళేదు. తివాచీ ఎత్తి చూశా. పొడిగానే ఉంది."

వన్ టౌన్ వైపు తిరిగేసరికి చినుకులు మొదలయ్యాయి. వైపరు సగం దాకా వచ్చి ఇరుక్కుంది. ఖాలిక్ ముఖం నల్లబడింది. తర్వాత ఏదో గుర్తొచ్చినవాడిలా సీట్లో సర్దుకుని కూర్చున్నాడు.

"అమ్మా, మీరు కాస్త చెవులు మూసుకోండి" అన్నాడు.

దుర్గ గుడి ఫ్లైఓవరు ఎక్కి దిగేదాకా ఆ వైపరును తిట్టాడు.